ఉత్తరానికి ముందు ఒక పలకరింపు

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో ట్రస్టు పూర్వ కోశాధికారి, విశ్రాంత బ్యాంకు గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. బి.కాం. చదివి 1980లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. 2018లో గుమాస్తాగానే రిటైరయ్యాను. ఆ తర్వాత మన ట్రస్టు కోశాధికారిగా కొన్నేళ్లు లెక్కలు రాశాను. ఈ రోజు "ఆర్థిక సహాయం - మానసిక ఆరోగ్యం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టరును పిలవాల్సిన విషయానికి గుమాస్తాను ఎందుకు పిలిచారా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆలోచిస్తే ఈ విషయంలో ఒక లెక్కల కోణం ఉంది. ఇంట్లో ఒకరికి మనసు జబ్బు వస్తే ఆ ఇంటి జమాఖర్చు ఏమవుతుంది, అందాల్సిన చిన్న సహాయం ఆగిపోతే పిల్లవాడి మనసు ఏమవుతుంది అనేవి నేను చూసిన సంగతులు. మొదటిది మా ఇంట్లోనే జరిగింది. రెండోది నా సంతకంతో జరిగింది.

మా తమ్ముడి సంగతి

మాది సిరుగుప్ప వైపు పల్లె. నాయన కౌలు రైతు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు మా తమ్ముడు. 1982లో పి.యు.సి. రెండో సంవత్సరం చదువుతుండగా ఒంటరిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. ఎవరో తనను తిడుతున్నట్టు వినబడుతోందనేవాడు. రాత్రిళ్లు నిద్ర పోయేవాడు కాడు. మా అమ్మ తాయెత్తులు కట్టించింది, మొక్కులు మొక్కింది. ఆరు నెలలు అట్లా గడిచాక ఎవరో చెబితే బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపోయాం. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులు రాశారు. మందులు పనిచేశాయి కూడా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నెలనెలా బెంగళూరు పోవడంలో వచ్చింది. బళ్లారి నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. తమ్ముడితో నాయన తోడు పోవాలి. రెండు టికెట్లు, తిండి, ఆటో, మందులు కలిపి ఒక్కసారికి రెండు వందలు దాటేది. అప్పుడు నా జీతం వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. నాయనకు రెండు రోజుల పని పోయేది. మొదట ఒక బర్రెను అమ్మాం, తర్వాత అమ్మ గాజులు కుదువ పెట్టాం. అవీ అయిపోయాక నెలకోసారి పోయేవాళ్లం రెండు నెలలకోసారి పోయాం. మాత్రలు సగం సగం చేసి వేశాం. ఏమైంది? జబ్బు తిరగబెట్టింది. మాకు మందు మీద నమ్మకం లేక ఆపలేదమ్మా, బస్సు చార్జీ లేక ఆపాం. కానీ ఊళ్లో అందరూ "మందుకు నయం కాని జబ్బు" అన్నారు.

1985 తర్వాత మా బతుకు మారింది. దానికి కారణమైన పనికి ఇప్పుడు దేశమంతా మన జిల్లా పేరు పెట్టి పిలుస్తారు. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. 1982లో భారత ప్రభుత్వం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించింది. దాన్ని జిల్లా స్థాయిలో ఎట్లా నడపాలో చూడడానికి నిమ్హాన్స్ వారు రాష్ట్ర ప్రభుత్వంతో, జిల్లా యంత్రాంగంతో కలిసి బళ్లారి జిల్లాను ఎంచుకున్నారు. వాళ్లు పెద్ద భవనాలు కట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్న డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. అత్యవసరమైన కొన్ని రకాల మందులు ఆ కేంద్రాల్లోనే దొరికేట్టు చూశారు. ఎవరు వస్తున్నారు, ఎవరు మానేశారు అన్నది తెలిసేట్టు సులువైన రికార్డులు పెట్టారు. ఈ పద్ధతికే "బళ్లారి నమూనా" అని పేరు. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది ఈ నమూనా మీదనే.

మా తమ్ముడికి 1986 నుంచి మాత్రలు సైకిలు మీద పోయి తెచ్చుకునేంత దూరంలో దొరికాయి. ఒక నెల రాకపోతే ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి అడిగేది. డబ్బు ఖర్చు దాదాపు సున్నా అయింది. రెండేళ్లకు వాడు సైకిలు రిపేరు అంగడి పెట్టుకున్నాడు. దానికి కావాల్సిన చిన్న అప్పుకు ఊళ్లో ఒక పెద్దమనిషి జామీను సంతకం చేశాడు. "పిచ్చోడికి జామీను ఏంది" అని కొందరు నవ్వారు. అప్పు చివరి కంతు కూడా తప్పకుండా కట్టాడు మా తమ్ముడు. ముప్పై మూడేళ్లు మందు వాడుతూ, అంగడి నడుపుకుంటూ బతికి, 2019లో గుండెపోటుతో పోయాడు.

ఇందులో వాణ్ణి నిలబెట్టింది ఏది? మందు ఒకటే అంటే పొరపాటు, డబ్బు ఒకటే అన్నా పొరపాటే. పెద్దాస్పత్రి జ్ఞానం, సర్కారు మాత్ర, ఇంటికొచ్చి అడిగిన కార్యకర్త, జామీను పెట్టిన ఊరి మనిషి, ఈ నాలుగూ ఒకేచోట కలిశాయి. "భాగస్వామ్యం" అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

లెక్క చెప్పే నిజం

ఇది మా ఒక్క ఇంటి కథే అనుకోకండి. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు అందులో తేలింది. చికిత్స, ప్రయాణం కలిపి ఒక్కో కుటుంబం నెలకు సుమారు వెయ్యి నుంచి పదిహేను వందలు ఖర్చు పెడుతున్నట్టు కూడా తేలింది. పది వేలు, పన్నెండు వేలు సంపాదించే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

పేదరికం మనసును కుంగదీస్తుంది. కుంగిన మనసు పనిని పోగొడుతుంది. పని పోతే పేదరికం పెరుగుతుంది. బ్యాంకులో చక్రవడ్డీ చూసినవాళ్లకు ఈ చక్రం తేలిగ్గా అర్థమవుతుంది. 2013లో "సైన్స్" పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో చెరకు రైతులు నాలుగు వందల మందికి పైగా తీసుకుని, పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే. కానీ డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తక్కువ చేశారు, చేతికి వచ్చాక మెరుగ్గా చేశారు. ఈ మాట తల్లిదండ్రులు, కమిటీ పెద్దలు గుర్తుంచుకోవాలి. ఫీజు కట్టలేక దిగులుపడే పిల్లవాడి మార్కులు తగ్గితే తెలివి తక్కువ అనుకోకండి. వాడి తెలివిలో సగం ఫీజు లెక్కకే పోతూ ఉండవచ్చు.

దీన్ని గుర్తించిన సంస్థలు మన దక్షిణ దేశంలో ఉన్నాయి. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ స్కిజోఫ్రీనియా రోగులకు చికిత్సతో పాటు పునరావాసం మీద పనిచేస్తోంది. 2000 నుంచి బేసిక్ నీడ్స్ అనే సంస్థ పల్లెల్లో అప్పటికే ఉన్న సేవాసంస్థలతో కలిసి చికిత్సనూ జీవనోపాధినీ జోడించే పద్ధతిని నడిపింది. చెన్నైలోనే 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారు మొదలుపెట్టిన స్నేహ సంస్థ ఆత్మహత్యల నివారణకు పనిచేస్తోంది. పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది పోగొట్టుకోకుండా కొద్ది వారాల్లోనే మళ్లీ రాసే అవకాశం ఉండాలని ఆ సంస్థ వారు తమిళనాడులో పట్టుబట్టి సాధించారు. ఒక నియమం మార్చడం కూడా వైద్యమే అని నాకు తెలిసింది అక్కడే.

నా సంతకం

ఇక నేను చెప్పడానికి సిగ్గుపడే సంగతి. ఆ అబ్బాయి అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు, ఊరు, కాలేజీ చెప్పను. దయచేసి ఎవరూ ఊహించే ప్రయత్నం చేయవద్దు.

మన ట్రస్టు నియమావళిలో ఒక నియమం ఉండేది. ఒక్క సబ్జెక్టు తప్పినా మరుసటి ఏడు స్కాలర్‌షిప్పు ఉండదు. 2022లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లవాడికి రెండు సబ్జెక్టులు పోయాయి. నేను కోశాధికారిని. నియమం ప్రకారం ఉత్తరం టైపు చేయించి, "చింతిస్తున్నాము" అని రాసి, సంతకం చేసి పంపాను. ఫైలు మూసేశాను. బ్యాంకులో నేర్చిన పని అది. నియమానికి విరుద్ధంగా ఒక్క పైసా ఇచ్చి ఎరగను.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. ఇంట్లోనే మిషను కుడుతుంది. గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, ఈ తూరి చెక్కు ఎప్పుడిస్తారు? ఫీజుకు గడువు దాటిపోయిందంటున్నాడు మావోడు" అంది.

నాకు నోట మాట రాలేదు. ఉత్తరం పిల్లవాడి పేరు మీద పోయింది. వాడు తల్లికి చెప్పలేదు.

"వాడు కాలేజీకి పోతున్నాడా అమ్మా?" అని అడిగాను.

"దినామూ పోతాడు సార్. పొద్దున్నే సంచి తగిలించుకుని పోతాడు. కానీ సరిగ్గా తినడంలేదు. వారం దినాల్నుంచి రాత్రంతా మేలుకునే ఉంటాడు."

మరునాడు పొద్దున నేనే వెతుక్కుంటూ పోయాను. కాలేజీలో అడిగితే నెలన్నరగా రావడంలేదన్నారు. వాడి స్నేహితుడొకడు చెబితే రైల్వే స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. హాస్టలు బాకీ తీర్చడానికి రాత్రిళ్లు ఒక హోటల్లో లెక్కలు రాసే పనికి కుదిరాడట. పగలు క్లాసులో నిద్రపోయేవాడట. అందుకే తప్పాడు. తప్పినందుకు నేను డబ్బు ఆపాను. అంటే డబ్బు లేక తప్పినవాడికి, తప్పాడని చెప్పి ఉన్న డబ్బూ తీసేశాం.

"అమ్మకు మొహం చూపించలేను సార్" అన్నాడు. ఆ గొంతు విని నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. భయపడుతూనే సూటిగా అడిగాను. "నాయనా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" తల వంచుకుని అవునన్నాడు. ఏడ్చాడు. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని తర్వాత డాక్టరు చెప్పారు. అడిగితే బరువు దిగుతుంది, సహాయానికి దారి దొరుకుతుంది. ఆ రోజు నేను వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. వాళ్లమ్మను పిలిపించి, ముగ్గురం కలిసి సర్కారు ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి పోయి ఓపీ చీటీ తీసుకున్నాం.

డిప్రెషన్ అన్నారు. తొమ్మిది నెలలు మాత్రలు, మొదట్లో వారం వారం, తర్వాత నెల నెల మాట్లాడించడం. ఈలోగా వాడి క్లాసు లెక్చరరుతో మాట్లాడాను. ఆయన హాజరు సంగతి చూసుకున్నారు. నాతో పనిచేసి రిటైరైన ఇద్దరు మిత్రులు, నేను కలిసి ఫీజు కట్టాం. రాత్రి పని మాన్పించాం. ఊళ్లో ఒక మందుల అంగడి ఆయన, పేరు చెప్పొద్దంటూనే, మాత్రలు కొన్న ధరకే ఇచ్చాడు. డబ్బు కడితే జబ్బు పోయిందని నేను అనను. డాక్టరు పని డాక్టరు చేశాడు. కానీ ఫీజు భయం నెత్తిన ఉన్నంతకాలం ఏ మాత్రా నిద్ర పట్టించలేదని ఆ అబ్బాయే నాతో అన్నాడు. ఒక ఏడు ఆలస్యంగా, 2025లో, చదువు పూర్తి చేశాడు. ఇప్పుడు చిన్న ఉద్యోగంలో ఉన్నాడు.

ఇంట్లో తమ్ముణ్ణి చూసిన మనిషిని నేను. అయినా ఆ ఉత్తరం మీద సంతకం పెట్టేముందు "ఎందుకు తప్పాడు?" అని ఒక ఫోను చేయలేదు. ఆ మాట ఈ సభలో ఒప్పుకోవాలనే వచ్చాను.

మార్చిన నియమాలు

ఆ తర్వాత కమిటీ ముందు కొన్ని సూచనలు పెట్టాను. ఒక పెద్దాయన న్యాయమైన ప్రశ్నే వేశారు. "తప్పినవాళ్లకు ఇస్తే, కష్టపడి పాసైనవాళ్లకు అన్యాయం కాదా?" నేనన్నాను: "అందరికీ ఇమ్మనడంలేదు. ఆపేముందు అడగమంటున్నాను. అప్పు కట్టనివాణ్ణి కూడా బ్యాంకు మొదట పిలిచి కారణం అడుగుతుంది. మన పిల్లలకు ఆ మర్యాద అయినా ఇవ్వమా?" చర్చ రెండు సమావేశాలు నడిచింది. చివరికి ఒక ఏడాది నడిపి చూద్దామని ఒప్పుకున్నారు. అందువల్ల ఈ ఏటి నుంచి:

ఒకటి, తప్పిన విద్యార్థికి ఉత్తరానికి ముందు ఫోను పోతుంది. కమిటీ సభ్యుడొకరు కలిసి మాట్లాడతారు. కారణం సరైనదైతే సగం మొత్తం అప్పుడే, మిగతా సగం సబ్జెక్టు పూర్తయ్యాక ఇస్తాం.

రెండు, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీరు గమనించే ఉంటారు, ఇందాక వేదిక మీద ఎవరి తల్లిదండ్రులు ఏం పని చేస్తారో చదవలేదు. పేదరికాన్ని మైకులో చదివించి చప్పట్లు కొట్టించుకోవడం సహాయంలో భాగం కాదు.

మూడు, చికిత్సకు పోయే విద్యార్థికిగాని, వారి ఇంట్లోవారికిగాని దారి ఖర్చు, మందుల ఖర్చు ఇచ్చే చిన్న పద్దు ఒకటి తెరిచాం. రిజిస్టరులో పేరుండదు, నంబరు మాత్రమే ఉంటుంది. పేరు ఒక్క సభ్యుడికే తెలుస్తుంది.

ఇతర ఊళ్ల ట్రస్టుల వారికి కూడా ఇదే మనవి. మీ దగ్గర డాక్టరు లేకపోవచ్చు. కానీ బస్సు చార్జీ ఇవ్వగలరు, లెక్చరరుతో మాట్లాడగలరు, ఆస్పత్రికి తోడు పంపగలరు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మన హక్కులు కూడా తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి సర్కారు మానసిక వైద్య కేంద్రాల్లో ఉచిత చికిత్స హక్కుగా ఇచ్చింది. శరీర జబ్బులకు ఎట్లా బీమా ఇస్తారో మనసు జబ్బులకూ అట్లాగే ఇవ్వాలని చెప్పింది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, శిక్షించకుండా సంరక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. దీర్ఘకాలం బాధించే మనసు జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది. సర్టిఫికెట్టుకు అర్హత ఉందేమో డాక్టరును అడగండి. అడగడంలో నామోషీ లేదు.

విద్యారుణం తీసుకున్నవారికి నా సొంత శాఖ మాట ఒకటి. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో చదువు అనుకున్న గడువులో పూర్తికాకపోతే రెండేళ్ల దాకా పొడిగింపు ఇచ్చే వీలుంది. జబ్బు చేసి చదువు ఆగితే భయపడి బ్యాంకుకు మొహం చాటేయకండి. డాక్టరు కాగితం జతచేసి, రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి. కౌంటరు అవతల కూర్చున్నవాడు మీకు రాక్షసుడిలా కనిపించవచ్చు. నేను 38 ఏళ్లు అక్కడే కూర్చున్నాను. ముందుగా వచ్చి చెప్పినవాడికి ఏదో ఒక దారి చూపించగలిగేవాళ్లం. కనబడకుండా పోయినవాడికి ఏమీ చేయలేకపోయేవాళ్లం.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చదివే ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. మీ పిల్లల కాలేజీలో ఉన్నారా లేదా అని ఈ వారమే అడగండి.

ఫోను మీద సహాయం కావాలంటే టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు, ఖర్చు లేదు. తెలుగు, కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీలో కూడా మాట్లాడతారు. పిల్లలూ, ఈ అయిదు అంకెలు మీ పుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, పక్క బెంచీ మిత్రుడికి రావచ్చు.

చివరగా పిల్లలకు ఒక్క మాట. ఈ ట్రస్టు మీకిచ్చే డబ్బు మీ పాస్ మార్కులకు కట్టిన ధర కాదు. మా కాలంలో మాకు ఎవరో జామీను ఉన్నారు, ఇప్పుడు మీకు మేమున్నాం, అంతే. తప్పితే వచ్చి చెప్పండి. నిద్ర పట్టకపోతే వచ్చి చెప్పండి. స్టేషను బెంచీ మీద ఒంటరిగా కూర్చోవద్దు. మా ఇంటి గుమ్మం దాకా రండి. ఈసారి నేను ముందుగా కారణం అడుగుతాను.